మధ్య గోడ

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం. ఈ మాట ముందే రాస్తున్నాను, కింద చదివేటప్పుడు మీ గుండె జారిపోకూడదని.

అత్తయ్య మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగారు. కాస్త నయం, మెట్లు దిగడమే కష్టంగా ఉంది. పాప దగ్గు తగ్గింది. కింద బేకరీకి, పైన ఇంటికి కలిపి పెట్టుకున్న మరమ్మతు పని ఎంతవరకు వచ్చిందని కూడా అడిగారు. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఆలస్యమైంది.

మొదట ఒక కాంట్రాక్టర్ వచ్చి చూశారు. కింది గదులు రెండూ కలపాలంటే మధ్య గోడ తీయాలి, పై అంతస్తు బరువు దాని మీదే ఉంది, ఇంజనీరు చూడనిదే ముట్టుకోనన్నారు. మీ తమ్ముడు నవ్వేశాడు. భయపెట్టి పని పెంచుకుంటున్నాడనీ, తానుండగా బయటివాళ్లెందుకనీ అన్నాడు. రంగులు వేయించడం తప్ప అతనికి ఇంకేం తెలుసని నా మనసు పీకుతూనే ఉంది. మీరూ అతనికే ఇమ్మని రాశారు కదా, అతనికే అప్పగించాను.

ఇక దాచి లాభం లేదు. పోయిన వారం మీ తమ్ముడు గోడ సగం పగలగొట్టాడు. పైన అత్తయ్య పడుకుని ఉన్నారు. ఏదో చిట్లిన చప్పుడైంది. పరిగెత్తుకెళ్లి చూస్తే, నేల కుంగి ఆమె గది తలుపు బిగుసుకుపోయింది. ఎంత తోసినా కదల్లేదు.

లోపలినుంచి అత్తయ్య ఒకటే అడుగుతున్నారు: "అమ్మాయీ, పాపను కిందికి దించావా?"

మీ తమ్ముడు సుత్తి పట్టుకుని కొయ్యబారిపోయాడు. పాపను ఎదురింట్లో దించి, పక్క వీధిలో పని చేయిస్తున్న ఆ కాంట్రాక్టర్ దగ్గరికి చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆయన ఒక్క మాట దెప్పలేదు. మనుషులతో వచ్చి, కప్పు కింద ఇనుప జాకీలు నిలబెట్టించి, తలుపు కోయించి, అత్తయ్యను చేతుల మీద దించారు. ఆమె ఒంటి మీద గీత కూడా పడలేదు.

పని ఆయనకే ఇచ్చేశాను, మిమ్మల్ని అడగకుండానే. ఇంజనీరు చూసి, ఇనుప దూలం వేశాక ఇల్లు నిలుస్తుందన్నారు. అంతవరకు ఎదురింట్లో ఉంటున్నాం. ఎక్కడ తలుపు చప్పుడైనా ఇంకా ఉలిక్కిపడుతున్నాను.

ఆ రోజు "అన్నయ్యకు రాయకండి వదినా" అని వెళ్లిన మీ తమ్ముడు మళ్లీ గడప తొక్కలేదు. స్నేహితుడి గదిలో ఉంటున్నాడట. నిన్న అత్తయ్య అతని చొక్కాలు మడతపెడుతూ, "గోడదేముంది, మళ్లీ కట్టుకుంటాం. వాణ్ణి రమ్మను" అన్నారు.

నేను పిలిస్తే రాడు. మీరు రాయండి. గోడ సంగతి ఎత్తకండి. అన్నం తిన్నావా అని అడగండి, చాలు.

ఇట్లు,
మీ ఇల్లాలు