ఫ్లాష్ వేయకూడదు

జూలై 3

ఇవాళ నా చేతికి కెమెరా వచ్చింది. నేను అడగలేదు. అడిగింది మా ఆవిడ.

పాప పుట్టింది మొన్న. రెండు నెలలు ముందే వచ్చేసింది. మొదటి అంతస్తులో పిల్లల ఐసీయూలో, గాజు పెట్టెలో ఉంది. మా ఆవిడ మూడో అంతస్తులో బీపీ దిగక మంచం మీద ఉంది. మంచం దిగడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. కన్న తల్లి ఇంకా బిడ్డ మొహం చూడలేదు. పాప బాగుందని నేను చెప్పాను. బంగారంలా ఉందని అత్తయ్య చెప్పింది, తనూ చూడకుండానే. మా ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పోయినసారీ ఇలాగే నవ్వుమొహాలు పెట్టుకుని వచ్చారు కదా, అంది.

పోయినసారి బాబు దక్కలేదు. తను తట్టుకోలేదని అత్తయ్యా, అప్పటి డాక్టరూ కలిసి రెండు రోజులు దాచారు. అందుకని ఇప్పుడు ఎవరేం చెప్పినా నమ్మదు. ఫోటో చూపించు, అప్పుడు చూద్దాం, అంది.

ఐసీయూలోకి ఫోన్లు రానివ్వరు. ఎవరో పక్కవాళ్ల బిడ్డను వీడియో తీసి ఊరంతా పంచారట. అప్పటినుంచి బంద్. హెడ్ సిస్టర్ కాళ్లావేళ్లా పడితే, మామూలు కెమెరా అయితే సరే, స్పిరిట్‌తో తుడిచి తీసుకురా, ఫ్లాష్ వెలిగిందా ఇంక గుమ్మం తొక్కనివ్వను, అంది. మా బామ్మర్ది పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. వాడికిది చిటికెలో పని. కానీ లోపలికి తండ్రిని తప్ప ఎవరినీ పోనివ్వరు. తీయడం వచ్చినవాడు బయట, రానివాడు లోపల.

నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాను. పక్క సీట్లో కూర్చుని జనాన్ని తిట్టడం నా ఉద్యోగం. నాకు ఎవరైనా ఏదైనా నేర్పి చాలా ఏళ్లయింది.

జూలై 4, ఉదయం

అన్నీ నలుపే. ఒక దాంట్లో నా చెప్పు పడింది.

జూలై 4, సాయంత్రం

బామ్మర్ది మెట్ల మీద కూర్చోబెట్టి క్లాసు పీకాడు. ఎపర్చర్ అంటే కన్నం ఎంత తెరవాలో. షటర్ అంటే ఎంతసేపు తెరవాలో. ఐఎస్ఓ అంటే ఉన్న కాస్త వెలుతురును ఎంత సాగదీయాలో. ఫ్లాష్ లేదు గనక కన్నం పూర్తిగా తెరిచేయ్ బావా, ఐఎస్ఓ పెంచు, షటర్ స్పీడు మాత్రం నూటపాతిక కిందికి దించకు, నీ చేతుల సంగతి నాకు తెలుసు, అన్నాడు. కన్నం అంత తెరిస్తే ఒక్క చోటే స్పష్టంగా వస్తుందట, దాని ముందూ వెనకా అంతా మసకేనట.

బటన్ సగం నొక్కి ఆగాలి. ఫోకస్ కుదిరాకే పూర్తిగా నొక్కాలి. అంటే హాఫ్ క్లచ్. రోజూ గొంతు చించుకుని నేను చెప్పే మాటే. వదలకండి, వదలకండి అని అరుస్తాను. ఇవాళ నా వేలు సగంలో ఒక్కసారి కూడా ఆగలేదు. రేపటినుంచి స్కూల్లో ఆడవాళ్లను కాస్త తక్కువ తిట్టాలి. మగవాళ్లను కూడా.

క్యాంటీన్‌లో ఒక బన్ను కొని, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత మూసి, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను. క్యాంటీనతను వచ్చి, బన్ను బాగాలేదా సార్, ఎవరికైనా కంప్లయింట్ పెడుతున్నారా, అని అడిగాడు. బామ్మర్ది పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లేచి మూడు అంతస్తులూ ఎక్కి, మా ఆవిడ గది ముందు నిలబడి, లోపలికి పోకుండా మళ్లీ దిగి వచ్చాను.

జూలై 5

వెలుతురు వచ్చింది. పాప రాలేదు. గాజు మీద మరకా, అందులో కనిపించే నా మీసమూ అద్భుతంగా వచ్చాయి. ఫోకస్ గాజు దగ్గరే ఆగిపోయింది. అవతల ముద్దలా ఏదో ఉంది. అది నా కూతురు.

గాజుకు లెన్స్ ఆనించి తీయమన్నాడు వాడు. ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదా అన్నాను. అన్నీ ఒకేసారి చెబితే కంగారుపడి నువ్వు మా అక్క మీద అరుస్తావు, అన్నాడు. నేనెప్పుడు అరిచాను?

జూలై 6

బటన్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలట. ఇక్కడికొచ్చాక వదిలిందెప్పుడు గనక.

జూలై 7

కుదిరింది! ముక్కు, పెదవి, చెవి మీద నూగు, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. కళ్లకు గంతలు కట్టారు, అయినా ఫరవాలేదు. లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేక మెట్లు ఎక్కుతూ పరిగెత్తాను. రొప్పుతూనే కెమెరా మా ఆవిడ చేతిలో పెట్టాను.

నాకు బుద్ధి లేదు. పాపకు కామెర్లని నిన్నటినుంచి నీలం లైటు కింద పెట్టారు. ఫోకస్ కుదిరిందన్న సంబరంలో రంగు చూసుకోలేదు. ఫోటోలో పాప నఖశిఖపర్యంతం నీలం.

తను అరవలేదు. అరిచినా బాగుండేది. ఊపిరి ఆడట్లేదు కదా, అని మెల్లగా అడిగింది. పక్కన బీపీ మిషన్ మోగింది. నర్సు వచ్చింది, డాక్టరు వచ్చింది, నన్ను బయటికి నెట్టారు. లైటు వల్లే నీలం అని డాక్టరు కూడా చెప్పింది. మీరు కూడా వీళ్లతో కలిసిపోయారా, అందట తను.

నా చేతులతో నేనే తన బీపీ పెంచాను.

జూలై 8

బామ్మర్ది కార్డు ఇంటికి తీసుకుపోయి, నీలం తీసేసి, పొద్దున్నే ప్రింటు వేసి తెచ్చాడు. గులాబీ రంగు పాప. నాకే ముద్దొచ్చింది. మా ఆవిడ చాలాసేపు చూసింది. ముక్కులో గొట్టమేదీ, అని అడిగింది. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఒక్క గొట్టమైనా ఉండదా, అంది.

వాడు తీసేశాడు. గొట్టం, ప్లాస్టరు, చేతికి గుచ్చిన సూది, అన్నీ చెరిపేశాడు. పెళ్లికూతుళ్ల మొహం మీద మొటిమలు తీసేసినట్టు. అక్క చూసి భయపడుతుందని అలా చేశానన్నాడు. గంతలు ఒక్కటే వదిలాడు, వాటి కింద కళ్లెలా ఉంటాయో తెలియక.

మా ఆవిడ తమ్ముడితో అన్న మాట ఇది: పోయిన తాతయ్యను తెచ్చి పెళ్లి గ్రూప్ ఫోటోలో నిలబెట్టినవాడివి, లేని బిడ్డను తెచ్చి పెట్టెలో పడుకోబెట్టలేవా? నా చెవిలో పువ్వులు పెట్టకండి.

గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. వాడు కారిడార్‌లో కూర్చుని ఏడ్చాడు. నేను కాలుగాలిన పిల్లిలా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. ఇప్పుడు నిజం ఫోటో తెచ్చినా అబద్ధమే.

జూలై 9, ఉదయం 11

నీలం లైటు తీసేశారు. పాప కదులుతోంది గనక కెమెరాను కంటిన్యూస్ మోడ్‌లో, అంటే నొక్కినంతసేపూ ఫోటోలు పడుతూనే ఉండేలా, పెట్టుకున్నాను. లెన్స్ గాజుకు ఆనించాను. సగం నొక్కాను. ఆగాను. ఫోకస్ కుదిరింది.

అప్పుడు మిషన్ మోగింది. దాని స్క్రీన్ మీద ఆక్సిజన్ అంకె పడిపోతోంది. పాప ఛాతీ కదలడం లేదు. నా వేలు బటన్ మీద బిగుసుకుపోయింది, తీయడం తెలియలేదు. టకటకటకా పడుతూనే ఉన్నాయి. కుడికాలు నేలను అదిమి పట్టింది. అక్కడ బ్రేకు లేదు. ఒక సిస్టర్ నన్ను మోచేత్తో నెట్టి, పెట్టెలో చేయి పెట్టి, పాప అరికాలు గట్టిగా రుద్దింది. వీపు రుద్దింది. మళ్లీ అరికాలు. పాప నోరు తెరిచి ఏడ్చింది. అంకె ఎక్కింది.

నెలలు నిండకముందు పుట్టినవాళ్లు ఇంతే, ఊపిరి తీసుకోవడం అప్పుడప్పుడూ మర్చిపోతారు, గుర్తు చేస్తే చాలు, అని సిస్టర్ చేతులు కడుక్కుంటూ చెప్పింది. మంచినీళ్లు తాగినంత మామూలుగా చెప్పింది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

జూలై 9, సాయంత్రం

ఇవాళ ఏం తీశావని మా ఆవిడ అడిగింది. బ్యాటరీ అయిపోయిందన్నాను.

జూలై 10

ఆ ఫోటోలు చూశాను. సిస్టర్ నీలం గ్లవ్స్, ఆ వేళ్ల మధ్య పాప పాదం. వేలెడంత పాదం. ఇంత బాగా నాకెప్పుడూ కుదరలేదు. అదే సిగ్గుగా ఉంది. బిడ్డ ఊపిరి ఆగితే తండ్రి చక్కగా ఫోకస్ పెట్టుకుని నిలబడ్డాడు.

డిలీట్ నొక్కాను. నిజంగానా అని అడిగింది కెమెరా. వద్దన్నాను. మళ్లీ నొక్కాను. మళ్లీ వద్దన్నాను. తనకు చూపించే ప్రసక్తే లేదు. బీపీ ఇప్పుడిప్పుడే దిగుతోంది. మరి ఎందుకు ఉంచుకున్నానో నాకే తెలియదు.

జూలై 11

మందుల కోసం కిందికెళ్లాను. కెమెరా బ్యాగు మా ఆవిడ మంచం మీద వదిలేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కెమెరా తన చేతిలో ఉంది. ఒక్కొక్కటీ వెనక్కి జరుపుతూ చూస్తోంది. లాక్కోబోయాను. ముట్టుకుంటే ఊరుకోను, అంది.

గ్లవ్స్ దగ్గర ఆగింది. ఇదేంటి, అంది. నేను మందుల కవరు సర్దాను. మళ్లీ అడిగింది. చెప్పేశాను. మిషన్ మోగడం, అంకె పడిపోవడం, అరికాలు, ఏడుపు, అన్నీ. బీపీ మిషన్ వైపు చూస్తూనే చెప్పాను.

తను ఆ ఫోటోలన్నీ ముందుకూ వెనక్కూ తిప్పింది. కదలని పాప. సిస్టర్ చేతులు. పాదం. నోరంతా తెరిచి ఏడుస్తున్న పాప, ముక్కులో గొట్టం, చేతికి సూది. ఆ ఆఖరిదాని దగ్గర ఆగి, దాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, స్క్రీన్‌ను బొటనవేలితో నిమిరింది. నన్ను మభ్యపెట్టాలనుకునేవాళ్లు ఎవరూ ఇది తీయరు, అంది. ఇది నా కూతురే, అంది.

అప్పుడు ఏడ్చింది. పోయినసారి ఏడవనివ్వని ఏడుపు కూడా కలిపి ఏడ్చిందనుకుంటాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చింది, ఏమైందని నన్ను తిట్టింది. నేనూ ఏడుస్తున్నాను.

కళ్లు తుడుచుకుని తను చెప్పిన మొదటి మాట, ఇంకోసారి బ్యాటరీ అయిపోయిందంటే చూడు, అని. రెండో మాట, వెళ్లి డాక్టరును పిలుచుకురా, నేను కిందికి వెళ్లాలి, అని.

జూలై 13

చక్రాల కుర్చీలో దించారు. తను పెట్టె కన్నంలోంచి చెయ్యి లోపల పెట్టి కూర్చుంది. ఇన్ని రోజుల్లో తన మొహం ఎవరమూ సరిగ్గా చూడలేదు. ఎంత చిక్కిపోయిందో.

కెమెరా కంటికి ఆనించాను. ఇద్దరిలో ఒక్కరే స్పష్టంగా వస్తారు. పాప మీద పెట్టు, అంది నా వైపు చూడకుండానే.

తన మీద పెట్టాను.

చూసి తిట్టింది.