మేస్త్రీ చేతి బిస్కెట్లు

కాలికి కట్టుతో కదల్లేకుండా ఉన్న అత్తయ్యగారికి, మీ మేస్త్రీ అల్లుడు నమస్కరించి రాసేది.

వచ్చే నెల మొదటి సోమవారం చిట్టిని బళ్ళో చేర్చాలి. సంచిలో అమ్మమ్మ బిస్కెట్లుంటేనే గడప దాటుతానని మంచంకోడు పట్టుకుని కూర్చుంది. మీ అమ్మాయికి ఆసుపత్రి డ్యూటీలతో ఊపిరి సలపడం లేదు. అందుకని నేనూ, చిట్టీ, బుడ్డోడూ కలిసి చేద్దామనుకున్నాం. పాళ్ళు చెప్పండి. గోడకైతే సిమెంటు ఒకటికి ఇసుక ఆరు. బిస్కెట్టుకెంత?

మీ అల్లుడు

తా.క.: కట్టుకు నీళ్ళు తగలకూడదని డాక్టరు అన్నాడట. నా అనుభవంలో తడపనిదే ఏదీ గట్టిపడదు. ఒకసారి ఆలోచించండి.

అల్లుడికి దీవెనలు. నా కాలికి మాత్రం నీ సలహా వద్దు.

పాళ్ళేమిటి నాయనా, ఇల్లు కడుతున్నావా? వెన్న, చక్కెర నురగొచ్చేలా గిలకొట్టు. ముద్ద చేతికి అంటుకోనంతగా మైదా వెయ్యి. కలపడం పిల్లలకే వదిలెయ్, వాళ్ళకదే పండగ. ముద్దమీద తడిగుడ్డ కప్పి కాసేపు ఉంచి, అప్పుడు కాల్చు. నా బిస్కెట్టు నోట్లో పెడితే కరిగిపోతుంది. నమలాల్సి వచ్చిందంటే అది నాది కాదు.

మీ అత్తయ్య

తా.క.: ముందు చేతులు కడగాలి. పిల్లలవి తర్వాత, మొదట నీవి.

ముక్కుమీద మైదాతో అత్తయ్యగారికి నమస్కారాలు.

చిట్టి మోచేతుల దాకా ముంచి కలిపింది. బుడ్డోడు పిండిలోనే కూర్చున్నాడు. ఇల్లంతా తెల్లటి అరచేతుల అచ్చులు. తడిగుడ్డ సంగతి నాకు ఒకరు చెప్పాలా? కప్పి, గోడకు పట్టించినట్టే పొద్దునా సాయంత్రం నీళ్ళు పట్టించాం. ఆ పని ఎంత నచ్చిందంటే, బుడ్డోడు పిల్లికి కూడా పట్టించాడు. ముద్ద జారితే మైదా వేశాం, బిగిస్తే నీళ్ళు పోశాం. కాల్చాక ఒకటి చేజారి కిందపడింది. నేలమీది బండ బీటలిచ్చింది. బిస్కెట్టుకేం కాలేదు.

ఇప్పుడేం చెయ్యమంటారు?

మీ అల్లుడు

తా.క.: అచ్చులు లేక తాపీతో కోశాం. కొత్త తాపీయే.

అల్లుడికి, ఏమని దీవించాలో తోచక రాస్తున్నాను.

కాసేపు అంటే రెండు పూటలా? సరే, ఉన్నవాటికి కాస్త తడి తగలనిచ్చి, వెచ్చచేసి ఇవ్వు. మెత్తబడొచ్చు. అవి నా బిస్కెట్లని మాత్రం పిల్లకు చెప్పకు, నా పరువు పోతుంది.

మీ అత్తయ్య

తా.క.: తాపీ సంగతి అమ్మాయికి తెలుసా?

అత్తయ్యగారికి, భయభక్తులతో.

పిల్లలిద్దరూ చెంబు పట్టుకున్నాక 'కాస్త తడి' దగ్గర ఆగుతారా? బాగా తడిపి, మళ్ళీ కాల్చాం. ఇక సుత్తికి కూడా లొంగలేదు. వేరే చేసే వ్యవధి లేదు. ఇవి నాన్న చేసినవని నిజమే చెప్పాను. చిట్టి ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో వేసుకుంది.

పని మానేసి బడి గోడ పక్కనే నిలబడ్డాను. ఎప్పుడు ఏడుపు వినబడుతుందోనని గోడకు చెవి ఆనించాను. సాయంత్రం నవ్వుకుంటూ వచ్చింది, చేతిలో అంచులు మాత్రమే అరిగిన బిస్కెట్టు.

"అమ్మమ్మది నోట్లో పెట్టగానే అయిపోతుంది. నీది అయిపోయేలోపు బడే అయిపోయింది నాన్నా" అంది.

రోడ్డుమీదే ఏడ్చేశాను అత్తయ్యా. ఇక రోజూ ఇవే కావాలట. కోపం తెచ్చుకోకండి.

మీ అల్లుడు

తా.క.: పక్కపిల్లాడికి ఒకటి ఇచ్చిందట. ఎన్నాళ్ళనుంచో ఊగుతున్న పన్ను ఊడి, వాడు సంబరంగా ఇంటికెళ్ళాడు.

మేస్త్రీగారి సముఖానికి.

మీ ఉత్తరం చదివి ఒక పూట అలిగాను. రెండోపూట ఒంటికాలిమీద నిలబడి పిండి కలిపాను. నా మనవరాలి సంచిలో నా బిస్కెట్టు లేకుండా ఎలా ఉంటుంది? తడిపాను, కాల్చాను, మళ్ళీ తడిపాను. వాయ మీద వాయ వేశాను. ఒక్కటీ గట్టిపడదే. నోట్లో వేసుకుంటే కరిగి చస్తున్నాయి.

కట్టు విప్పగానే బస్సెక్కుతున్నాను. చిట్టి పక్కన కూర్చోబెట్టి నాకూ పని నేర్పించండి.

ఇట్లు,
మీ కొత్త కూలీ

తా.క.: పాడైన బిస్కెట్లన్నీ మీ మామగారే తింటున్నారు. నాకీ విద్య ఈ జన్మకు అబ్బదని గట్టిగా చెబుతున్నారు.