బెల్లం పెనం మసి

ఒసే నూకాలూ,

నువ్వు పోయి మూడేళ్లయినా, చదవవని తెలిసినా, ఆనందం పట్టలేక రాస్తున్నానే. మన పార్వతి నిన్న చోడవరం కాలేజీలో వేదికెక్కి మాట్లాడింది! పాత ఫ్రెంచి హాస్య సినిమాల మీద కదా దాని చదువు. అచ్చం నీ నలుపు, నీ నిలువు. హాలంతా ఒకటే చప్పట్లు!

మధ్యలో తెర మీద ఓ ముక్క వేసింది. ఎవరో తెల్లాయన ముఖానికి నల్లరంగు పులుముకుని నౌకరు వేషం కట్టాడు. నేను పగలబడి నవ్వాను.

“నిజంగా నల్లగా ఉన్నవాళ్లకి ఈ సినిమాల్లో చోటు లేదు. నవ్వడానికి వాళ్ల రంగు మాత్రం కావాలి,” అంది పార్వతి.

నా నవ్వు ఆగిపోయింది. మన పెళ్లయిన కొత్తలో ఊరి నాటకానికి బెల్లం వండే పెనం అడుగున గీకిన మసి పూసుకుని, నీ చీర కట్టుకుని, పెళ్లాం వేషం వేశాను. ఊరంతా నవ్వుతుంటే నువ్వు లేచి వెళ్లిపోయావు. మళ్లీ ఏ నాటకానికీ రాలేదు.

ఇంటికొచ్చాక ఇదంతా పార్వతికి చెప్పాను.

“మరి అమ్మ ఏటంది నాన్నా?”

“తలనొప్పంది. నమ్మేసేను.”

“తర్వాత?”

పొద్దుపోయింది, పడుకోమన్నానే. ఆ నాటకం రాత్రి వేషం కడుక్కోకుండానే, ఆ మసి వేళ్లతోనే, నీ నుదుటికి శొంఠి పట్టు వేశాను.