వాగు బ్లాగు వెల

వాగు ఇవతలి ఒడ్డు,
క్వీన్స్‌లాండ్.

డార్సీ బావా,

బండి ఇంజన్ ఆరిందా? మొన్న ఆదివారం బార్బెక్యూ దగ్గర నా బ్లాగుకి ఏదో వెబ్‌సైట్‌లో వెల కట్టించావు. సున్నా డాలర్లని వచ్చింది. "రోజూ పొద్దున్నే రోడ్డు మీద పారే వాగు ఫొటో, ఎంత లోతుందో ఒక ముక్క. ఇది చదివే పిచ్చోడెవడే మరదలా?" అని అందరి ముందూ నవ్వావు. నాకు ఒళ్ళు మండి, మంగళవారం కావాలనే రాయలేదు.

ఆ పొద్దున్నే నువ్వు బండిని తిన్నగా వాగులోకి దింపావు. పక్క ఫారం కెల్విన్ ట్రాక్టరుతో లాగుతుంటే బండి టాపు మీద కూర్చున్నావట. అక్క ఫోన్ చేసి ఒకటే నవ్వు. "మీ బావ నీ బ్లాగు చూడందే గేటు తియ్యడే! ఇవాళ నువ్వేం రాయలేదు కదా, లోతేం లేదనుకున్నాడు" అంది.

నువ్వడిగిన పిచ్చోడు దొరికాడు బావా.

మెకానిక్ బిల్లు రెండు వేల డాలర్లు దాటిందట. ఆ వెబ్‌సైట్ వాళ్ళకి నువ్వే రాసి నా వెల దిద్దించు. అది ఒక్కరోజు నాగాకే అని కూడా చెప్పు.

ఇవాళ వాగు నడుం లోతుంది. బ్లాగులో పెట్టాను. నీకు ఉచితమే.

నీ మరదలు