మొదటి మీట మీది నాణేలు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే కోసపాళయంలో మన ఇంటి నుంచి మీ ఆర్కెస్ట్రా ఆఫీసుకి పరుగెత్తాను. పాత వాద్యాలన్నీ ఇత్తడి కరిగించేవాళ్ళకి ఇచ్చేస్తున్నారని నిన్న సాయంత్రమే తెలిసింది.

నీ ట్యూబా ఇమ్మని అడిగితే, యానాం నుంచి కొత్తగా వచ్చిన గుమస్తా రిజిస్టరు తిరగేసి, "మీ నాన్నగారు ట్యూబా వాయించలేదండీ. సామాను మోసే మనిషనే ఉంది" అన్నాడు. నువ్వు చేరిన నాటి నుంచి మానేసేదాకా ప్రతి పేజీలో అదే మాట. గోడమీద ఫొటో చూపించాను. అందులో నీ మొహానికి ఆ పెద్ద ఇత్తడి బాకా అడ్డమొచ్చింది.

నీతో డ్రమ్ము వాయించిన మామ గుమ్మంలో నిలబడి, "కాగితాన్ని ఏంది పాపా అడిగేది? ఆయన వాద్యం యాడుందో చూడు" అన్నాడు.

అప్పటికే బయట కరిగించేవాళ్ళ లారీ నిండింది. ఎక్కి గోతాలు లాగితే మూడు ట్యూబాలు కనిపించాయి. మొదటిదాని మీటలు చదునుగా ఉన్నాయి. రెండోదీ అంతే. డ్రైవరు ఆగకుండా హారన్ కొడుతున్నాడు. మూడోదాని మొదటి మీట మీద ఒకదానిమీదొకటి సీసంతో అతికిన ఫ్రెంచివాళ్ళ కాలం నాణేలు రెండు. పిండిమరలో సగం తెగిన నీ చూపుడువేలికి మీట అందాలని నువ్వే అతికించుకున్నావు.

"మా నాయన సగం వేలికి అందాలని అతికించుకున్నవి. మోసే మనిషికి ఇవెందుకండీ?" అని వెనకాలే వచ్చిన గుమస్తాని అడిగాను.

గుమస్తా నాణేలు తడిమి, దాన్ని కిందికి దింపించాడు.

నా వేలు పెట్టి చూశాను, నాయనా. నాకు మరీ ఎత్తుగా ఉంది. నొక్కితే మాత్రం ఇంకా దిగుతోంది.