మల్లి అసలు పేరు సోనీ అట

మడికొండ, బుధవారం

అమ్మకు విజయశ్రీ దండాలు. ఫోన్ల నీకు సరిగ ఇనబడదని కార్డు రాస్తాన. చేతికి కుక్క కరిచిన గాయం మానింది, సూదులన్నీ అయినయ్, ఫికర్ చెయ్యకు.

మా కుక్కల షెల్టర్ గేటుకు ఎవరో ఒక కుక్కను కట్టేసి పోయిన్రు. మల్లి అని పేరు పెట్టిన. మూడు నెలలు నా చేతితోనే తిన్నది. నిన్న దాని ఓనరట, ఓంకార్ అని ఒకాయన వచ్చిండు. "కిరాయి ఇంట్ల కుక్క వద్దన్నరు మేడం. ఇప్పుడు ఇల్లు మారినం, నా కుక్కను నాకియ్యున్రి" అన్నడు. గట్టిగ తిడదామనుకున్న. గంతల్నే ఆయన "సోనీ" అని పిలిచిండు. మల్లి ఉరికిపోయి ఆయన మీద పడ్డది. నేను పిలిస్తే ఎన్నడు గట్ల ఉరకలే. ఆయన ఏడ్సిండు. నాకేం సమజ్ కాక ఇచ్చేసిన.

బాపు మోకాళ్ల నొప్పికి దవాఖానకు పోయిండా? పాత చీరలుంటే నర్సంపేట బస్సుల పంపు, కుక్కపిల్లల కింద పరువాలె.

మల్లిని ఎక్కించుకొని ఆయన ఆటో పోయినంక యాదికొచ్చిందే అమ్మా, మళ్ల ఇడిచిపెట్టవు గదా అని ఆయన్ను అడుగనే లేదు. నువ్వైతే ఇస్తుంటివా? జర జల్ది రాయి. రమ పిన్నిని అడిగిన్నని చెప్పు.

నీ బిడ్డ,
విజయశ్రీ