ఈసారి వదిన చెయ్యి పట్టుకో

బెంగళూరు,
ఆదివారం.

అన్నకు, చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, వదిన, నాయన, అమ్మ, పాప ఎలా ఉన్నారని అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. "అందరం బాగుండాం" అని మాత్రం జవాబు రాయొద్దు. ఆ మాట నీ నోట ఇప్పటిదాకా విన్నది చాలు. ఈ కాలంలో ఉత్తరం ఏంది అనుకుంటావేమో. ఫోన్ చేస్తే మొదటి మాటకే "బర్రెలకు నీళ్ళు పెట్టాల, మళ్ళ చేస్తా" అని పెట్టేస్తున్నావు. ఉత్తరం అలా పెట్టేసినా మళ్ళీ అక్కడే ఉంటుంది. కూర్చొని చివరిదాకా చదువు.

ఇక్కడ ముసురు పట్టింది. మన కొనకనమిట్ల ఎండలకు అలవాటైన ఒంటికి ఈ చలి పడటం లేదు. ఉతికిన బట్టలు ఆరవు. హాస్టల్లో సాంబారులో బెల్లం వేస్తారు, ఎందుకని అడిగితే నవ్వుతారు. గదిలో నాతో ఉండే ఇద్దరు అమ్మాయిలూ మంచివాళ్ళే, కానీ వాళ్ళది కన్నడం. నాకు అది పనికి సరిపడా వచ్చినా, కోపం వచ్చినప్పుడు మనసుతీరా తిట్టుకుందామంటే పక్కన తెలుగు మనిషి లేదు. ఈ మధ్య నాకు కోపం తప్ప ఇంకేమీ రావడం లేదు. అది నీ మీదే.

నా పనేమిటో నీకు తెలుసనుకుంటావు. తెలియదు, చెబుతాను. నర్సుగా చేరానే గాని వార్డులో కంటే వీడియో గదిలోనే ఎక్కువ కూర్చుంటున్నాను. కీళ్ళవాతం చూసే డాక్టరు మేడమ్‌ది మైసూరు వైపు, ఆమెకు తెలుగు రాదు. కనిగిరి నుంచి, గిద్దలూరు నుంచి, మనవాళ్ళు ఒకసారి వచ్చి చూపించుకుపోతారు. ఆ నొప్పులతో మాటిమాటికీ బస్సులో ఇంత దూరం రాలేరు కాబట్టి తర్వాత ఆమె వాళ్ళను ఫోనులో వీడియో పెట్టి చూస్తుంది. వాళ్ళ మాట ఆమెకు, ఆమె మాట వాళ్ళకు చెప్పడం నా పని. ఎదురుగా ఉంటే ఆమే చెయ్యి పట్టుకుని చూసేది. వీడియోలో ముట్టుకోలేదు కదా, అందుకని ఇంట్లోవాళ్ళతో ముట్టిస్తుంది. "మీ చేతులే నా చేతులు అని చెప్పమ్మా" అంటుంది ప్రతిసారీ. వేళ్ళ మొదళ్ళ దగ్గర చేతిని రెండు పక్కల నుంచీ కలిపి మెల్లగా నొక్కమంటుంది. నొక్కేటప్పుడు మనిషి మొహం చూపించమంటుంది. నొప్పి ఎంతుందో ఆ మొహంలో చూసి మందు రాస్తుంది. వదిన వంతు వచ్చినప్పుడు నీక్కూడా ఇదంతా చెప్పాను.

నువ్వేం చేశావు? ఫోను పైకి తిప్పావు. నాకు మన పంచ రేకులు కనిపించాయి, దూలానికి వేలాడదీసిన విత్తనపు కంకులు కనిపించాయి. వదిన కనిపించలేదు. ఆ రేకుల కింద నుంచి నీ గొంతు వచ్చింది. "నొక్కినా మేడమ్. నొప్పేం లేదంట." అన్నా, చెయ్యి చూపించు అని నేను అంటుండగానే "సిగ్నల్ పోతాంది" అని కట్ చేశావు. సిగ్నల్ పోతే గొంతు ముక్కముక్కలవుతుంది. నీ గొంతు మాత్రం పక్కన కూర్చొని మాట్లాడినట్టే ఉంది.

అంతకు ముందు, రొట్టెలు తట్టగలుగుతోందా అని అడిగితే "అన్ని పనులూ చేస్తాంది మేడమ్" అన్నావు. పొద్దున లేచేసరికి చేతులు బిగుసుకుపోతున్నాయా అంటే "అట్లాంటిదేం లేదు" అన్నావు. వదిన లేచే వేళకు నువ్వు ఏనాడైనా మెలకువగా ఉన్నావా? అడిగింది ఆమెను, చెప్పింది నువ్వు. ఫోను ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళదే అయిపోయింది.

ఆ అబద్ధాన్ని కన్నడంలో మేడమ్‌కు చెప్పింది ఎవరనుకున్నావు? నేను. నీ అబద్ధం నా నోటితో చెప్పించావు. నొప్పి లేదంటే సంతోషమే కదా అని ఆమె వారానికోసారి మింగే బిళ్ళలు పెంచుదామనుకున్నది పెంచలేదు. వాపు తగ్గడానికి రోజూ ఇచ్చే చిన్న బిళ్ళను తగ్గించుకుంటూ వచ్చి ఆపేయమంది. ఆమె తప్పేముంది. నువ్వు చెప్పిన మాటకు మందు రాసింది. ఆ మందు మింగింది వదిన.

మొన్న నాయన ఫోనుకు చేసి వదినను పిలిపించాను. నోట్లో నాలుక లేని మనిషి, ఎంత అడిగినా "బాగానే ఉండా పాపా" అంటుంది. ఆ మాట మనింట్లో అందరికీ అంటుకున్నట్టుంది. నేను గట్టిగా కేకలేశాక చెప్పింది.

"మామ మంచం మీదుండె. వీడియో డాకటరమ్మను చూడాలని అరుగు మీదికి వాడకట్టంతా వచ్చినారు. అందరి ముందర మీ అన్న నా చెయ్యి ఎట్ల పట్టుకుంటాడు చెప్పు. ఫోను పైకి లేపి, నొప్పి లేదు గదా అని నా దిక్కు చూసె. నేను తలకాయ ఊపితి."

అంటే నువ్వు నొక్కనే లేదు. నొక్కి, నొప్పి చిన్నదని చెప్పి ఉంటే అది వేరే సంగతి. ఆమె చెయ్యే ముట్టుకోలేదు. నలుగురిలో పెళ్ళాం చెయ్యి పట్టుకుంటే నామర్దా అని డాక్టరుకు అబద్ధం చెప్పావు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడు ఎలా ఉందని అడిగాను. "చెంబు జారిపోతాంది పాపా. పాలు పిండలేకుండా ఉండా. రొట్టెలు అత్తే కాలుస్తాంది" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. అన్నకు రాయాల్సిన మాట కాదు, అయినా రాస్తున్నాను. పొద్దునపూట ఆమె జాకెట్టు హుక్కులు మీ పాప పెడుతోంది. ఒకే ఇంట్లో ఉంటూ నీకు ఆ సంగతి తెలుసా? తెలిసి కూడా అన్ని పనులూ చేస్తాంది అన్నావా? ఏది నిజమైనా నీకు సిగ్గుచేటే.

మేడమ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అంటేనే బాగుండేది. "ఒకరు చెప్పింది విని ఒకసారి రాశాను, ఈసారి నేను చూడాలి" అంది. వేళ్ళు ఇంకా వంగలేదట. ఒకసారి పక్కకు వంగిపోయాయంటే ఆ వంకర ఏ మందుకూ పోదట. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం నువ్వు, నాకు తెలుసు. ఇక్కడ మాత్రం పట్టుకోవడానికి ఆకులు కూడా ఉండవు.

పోయిన వారమో ఏమో, యర్రగొండపాలెం దగ్గర పల్లె నుంచి గొర్రెలు కాసుకునే పెద్దాయన ఒకాయన వీడియోలోకి వచ్చాడు. ఫోనును నీళ్ళ బిందెకు ఆనించి, భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వెనకాల కొడుకులు, కోడళ్ళు, పక్కింటివాళ్ళు గుంపుగా నిలబడి చూస్తున్నారు. నొక్కగానే ఆమె మొహం ముడుచుకుపోయింది. ఆయన గబుక్కున వదిలేసి మేడమ్ మీదికే లేచాడు. "సూసినావా తల్లీ, ఎట్ల అంటాందో. ఇంక నన్ను నొక్కమనొద్దు" అన్నాడు. దాన్ని కన్నడంలో చెప్పబోయాను. మేడమే, చెప్పక్కర్లేదు, అర్థమైంది అంది. ఆయన పరువు ఎక్కడికీ పోలేదు. నీ పరువొక్కటే అంత పలచనా?

నాయనను కూడా అడిగాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "డాకటరమ్మ చెప్పినంక సిగ్గేంది పాపా. నన్ను లేచి పొమ్మంటే పోయేటోన్ని గదా" అన్నాడు. నువ్వు ఎవరికి భయపడ్డావో ఆయనకే ఏ బాధా లేదు.

ఈ బుధవారం కాదు, ఆ పై బుధవారం పొద్దున్నే మేడమ్ మొదటి వీడియో మనది. బతిమాలి పెట్టించాను. చేతులు బిగుసుకుని ఉన్న వేళలోనే ఆమె చూడాలి కాబట్టి వదినను వేణ్ణీళ్ళలో చేతులు పెట్టనివ్వొద్దు. ముందురోజు ఊళ్ళో నొప్పికి సూది వేయించి, చుట్టాలొస్తున్నారని ఇల్లు అలికినట్టు ఆమెను తయారుచేయొద్దు. ఎలా ఉందో అలాగే కూర్చోబెట్టు. ఫోనును బిందెకో బియ్యం డబ్బాకో ఆనించు. మేడమ్ అడిగినదానికి వదినే జవాబు చెబుతుంది. నీ నోరు ఆగకపోతే వక్కాకు వేసుకుని కూర్చో. ఈలోగా మార్కాపురం తీసుకుపోయి రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపించు. ఆ వారం బిళ్ళలు మింగేవాళ్ళకు అది తప్పదు.

నాకు కాస్త కందిపప్పు, శెనక్కాయల పొడి ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళ చేత పంపించు. ఈ తీపి సాంబారు తినలేక చస్తున్నాను. పొడి మాత్రం వదినతో దంచించావని తెలిస్తే నోట్లో పెట్టను. నువ్వే దంచు.

అన్నా, నీ పెళ్ళిలో కొంగుముడి వేసింది నేనే. పక్కనే నిలబడి చూశాను. అయ్యవారు చెప్పీ చెప్పకముందే వదిన చెయ్యి పట్టేసుకున్నావని ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నాయనే. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రోజు ఆ చేతికి ఏ జబ్బూ లేదు, నువ్వు పట్టుకోకపోయినా దానికేమీ అయ్యేది కాదు. బుధవారం పట్టుకో.

నాయనకు, అమ్మకు నా దండాలు చెప్పు. పాపకు ముద్దులు. పెద్దవాడివి, ఇన్ని మాటలు అన్నందుకు నువ్వు దీవించకపోయినా నేనేమీ అనుకోను. వదిన దీవెన ఉంటే నాకు చాలు.

నీ చెల్లెలు,
సుజాత

కవరు మీద నీ పేరు రాయలేదు, వదిన పేరు రాశాను. ఆమెకు చదువు వచ్చు. అయినా గట్టిగా అంటించిన ఈ కవరు చింపింది నువ్వే అయ్యుంటావు. ఆమె తన పేరున వచ్చిన ఉత్తరాన్ని నీ చేతికి ఎందుకు ఇచ్చిందో, చదవడం అయ్యాక ఆమెనే అడుగు.